తట్ట కింది జడ

పదిమంది ముందు ఒక ఆడమనిషి జడ విప్పించాను. తాగిన మత్తులో చేశానందామంటే ఆ పొద్దున నేను తాగింది టీ ఒక్కటే. విప్పమన్న నోరు నాది. ఆమె వద్దన్నా వినకుండా మళ్లీ, ఇంకా చెడ్డగా, విప్పమన్న నోరూ నాదే.

ఆమె పేరు రాయను. ఒకసారి నలుగురిలో పెట్టింది చాలు. మా కూలి జట్టులో ఆడవాళ్లంతా ఆమెను పెద్దమ్మ అనేవాళ్లు, ఆమెకంటే పెద్దవాళ్లు కూడా. నేను ఆ జట్టుకు మేస్త్రీని. కొంపల్లిలో ఇప్పుడు గేటు వేసుకుని, ఆ గేటు ముందు ఇంకో గేటు వేసుకుని ఉన్న ఇళ్లలో చాలావాటికి స్లాబు పోసింది మేమే. ఇవాళ ఆ వైపు పోతే సెక్యూరిటీ అతను "ఎవరు కావాలి పెద్దాయనా?" అని అడ్డం వస్తాడు. ఎవరూ వద్దు నాయనా, మీ పైకప్పు ఎవరి నెత్తి మీద ఎక్కి పైకి పోయిందో నీకు తెలుసా అని అడగాలనిపిస్తుంది. అడిగి ఏం లాభం? వెనక్కి వస్తాను.

ఈ వేసవిలో నా మనుమరాలు నన్ను సుచిత్ర చౌరస్తా దగ్గర జడలల్లే ఒక అద్దాల దుకాణానికి, పార్లర్‌కు, తీసుకుపోయింది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాటి ఉన్న కంపెనీకి రోజూ బండి మీద పోతుంది. హెల్మెట్ రాపిడికి, చెమటకు జుట్టు రాలుతోందని ఏడుపు. తలకు అంటిపెట్టుకుని ఉండే సన్న సన్న జడలు అల్లించుకుంటే హెల్మెట్ కింద వెంట్రుక తెగదట, మాడుకు గాలి ఆడుతుందట. నేను గోడవార కుర్చీలో కూర్చున్నాను. అల్లుతున్న అమ్మాయి చెయ్యి చురుకైనదే. కానీ నా మనుమరాలి కనుబొమలు పైకి లేచిపోయాయి. నుదుటి చర్మం డప్పు మీది తోలులా బిగుసుకుంది.

"కొంచెం టైటుగా ఉంటేనే అక్కా, ఎక్కువ రోజులొస్తాయి" అంటోంది ఆ అమ్మాయి.

నేను లేచాను. "కణతల కాడ వదులు జెయ్యి బిడ్డా. గట్ల గుంజితే కుదుళ్లు లేస్తయి. పాపిట గూడ వచ్చేసారి ఇంకో దిక్కు జరుపాలె. ఒక్కతాననే తీస్తె బాటయితది."

ఆ అమ్మాయి దువ్వెన ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది. "తాతగారూ, కోర్సు ఎక్కడ చేశారు?"

"మా తాతకు తెల్వని సబ్జెక్టు లేదు. అడిగినా అడగకపోయినా చెప్తడు" అంది నా మనుమరాలు అద్దంలోంచి.

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆ అమ్మాయి కణతల దగ్గరి పాయలు కాస్త వదులు చేసింది. నేను కూర్చున్నాను. మాట నాదైతే జవాబు చెప్పేవాడిని. అక్షరం అక్షరం పెద్దమ్మ మాటలు అవి. ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఆ దుకాణంలో చెప్పలేకపోయాను.

స్లాబు రోజు పొద్దున ఆమె ఎట్లా కూర్చునేదో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ట్రాలీ ఆటో దిగగానే ఒక ఇనుప తట్టను బోర్లించి దాని మీద కూర్చునేది. ముందు ఒక ఇటుక. ఆ ఇటుక మీద ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చోవాలి. ఎవరి దువ్వెన వాళ్లు తెచ్చుకోవాలి. మరచి వస్తే వేళ్లతోనే చిక్కు తీసేది, పక్కదాని దువ్వెన మాత్రం ముట్టనిచ్చేది కాదు. చెవుల వెనక నుంచి రెండు జడలు, వదులుగా. ఆ రెండూ తల చుట్టూ తిప్పి, నడినెత్తిని ఖాళీగా వదిలి, గూడు కట్టినట్టు కట్టేది. ఆ గూడు మీద చుట్టబట్ట, దాని మీద కాంక్రీటు తట్ట. తట్ట అంచు జడల మీద ఆనుతుంది, మాడు మీద ఆనదు. వెంట్రుకల అంచంతా, నుదురూ, చెవుల పైనా ఆముదం రాసేది. తట్ట అంచు నుంచి కారే సిమెంటు నీళ్లు సున్నంలా కాలుస్తాయి. చర్మం ఒరుసుకుపోయిన చోట పడితే మగవాడికైనా కేక పుడుతుంది.

"బరువు మెడ మొయ్యాలెనే, ఎంటిక మొయ్యొద్దు" అనేది ప్రతి తలతోనూ. ఎవరైనా బిగించమంటే, "ఎందుకు బిగించుడు, గిదేమన్న ఎడ్ల పగ్గమా?" అని నెత్తి మీద ఒక మొట్టికాయ వేసేది. సాయంత్రం తల కడిగేటప్పుడు ముందు ఉత్త నీళ్లతో సిమెంటు పోవాలి, ఆ తర్వాతే కుంకుడు రసం. తడి తల ముడివేస్తే ఆమె నోటికి అడ్డు లేదు. "కుక్కిన బట్ట లెక్క కంపు గొడుతవు, నీ మొగడు బయట మంచం ఏసుకుంటడు" అనేది.

ఆమెను దేవతను చేయడం నాకిష్టం లేదు. నోరు మంచిది కాదు. అబద్ధాలు ఆడేది. సగం మాటలు మూఢనమ్మకాలు. మంగళవారం దువ్వెన పట్టేది కాదు. స్లాబు మంగళవారం పడితే సోమవారం సాయంత్రమే అందరికీ అల్లి పంపేది. రాలిన వెంట్రుకను ఎవరైనా తొక్కితే తలనొప్పి వస్తుందని నమ్మేది. నాకు ఇవన్నీ గిట్టేవి కావు.

నాకు బడి లేదు. సిమెంటు సంచుల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. తర్వాత మిర్చిబజ్జీలు చుట్టిన కాగితాలు, ఆ తర్వాత పేపర్లు, పుస్తకాలు. ఇట్లా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు అంటుకుంటుంది. అచ్చులో ఉన్నది తప్పంటే మనసొప్పదు. అంత తిప్పలు పడి చదివింది తప్పెట్లా అవుతుంది? అట్లా ఒకనాడు ఎక్కడో చదివి ఆమె ముందు పెట్టాను.

"పెద్దమ్మా, ఎంటిక సచ్చిన వస్తువంట. దాన్ల పానం ఉండదంట. పేపర్ల రాసిన్రు. నువ్వు గింత సేవ జేసేది సచ్చినదానికి."

"అట్లనా?" అంది. లేచి వచ్చింది. నా కణత దగ్గర నాలుగు వెంట్రుకలు పట్టి ఒక్క గుంజు గుంజింది. నా అరుపుకు సెంట్రింగ్ పైనున్నవాళ్లు కిందికి తొంగిచూశారు.

"సచ్చినదైతే నువ్వెందుకు మొత్తుకుంటివి మేస్త్రీ?" అని వెళ్లి మళ్లీ తట్ట మీద కూర్చుంది. ఆ రోజంతా ఆడవాళ్లు తట్ట ఎత్తుకునేటప్పుడల్లా "మేస్త్రీ, సచ్చిందా బతికిందా?" అని అడిగి మరీ మెట్లెక్కారు. నాకు అప్పట్లో జుట్టు దట్టంగా ఉండేది. ఆ జుట్టంటే నాకు గర్వం కూడా ఉండేది.

ఆమెకు అంతకంటే గర్వం. పని మొదలయ్యే ముందు నీళ్ల డ్రమ్ములోకి వంగి తన చుట్టుజడను చూసుకునేది. జట్టులో అంత లావు జడ ఇంకెవరికీ లేదు. "మా తల్లిగారి దిక్కు అందరికి గిట్లనే, మోకాళ్ల దాంక" అనేది. తన జడ మాత్రం ఇంట్లోనే అల్లుకుని వచ్చేది, ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. ఇంకో అలవాటు ఉండేది. అందరి తలల్లోంచి రాలిన వెంట్రుకలు ఏరి, ఉండలు చుట్టి, బొడ్డు దగ్గర సంచిలో వేసుకునేది. ఎందుకే పెద్దమ్మా అంటే, "ఎంటికలకు గిన్నెలిచ్చెటోడు వస్తడు, గిన్నెలు తీసుకుంట" అనేది. ఆమె ఇంట్లో ఎన్ని గిన్నెలుండాలో అని ఆడవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

కొంపల్లిలోనే ఒక పెద్ద సైటు. అక్కడ మొదటిసారి గేటు దగ్గర బోర్డు పెట్టారు. హెల్మెట్ లేనిదే లోపలికి ప్రవేశం లేదని, ఎర్ర అక్షరాలు. జట్టులో అది చదవగలిగినవాడిని నేనొక్కడినే. అందుకే ఆ బోర్డు నేను రాయించినంత సొంతమైంది నాకు. వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ చదివి వినిపించాను. సైటు ఇంజనీరు గోదావరి వైపు కుర్రాడు, మంచివాడే. ఒక సాయంత్రం వచ్చి, "మేస్త్రిగారూ, రేపు పొద్దున్నే కంపెనీ పెద్దవాళ్లు వస్తున్నారండీ. ఎవరి తలా ఖాళీగా కనిపించకూడదు. కొంచెం మీరే చూసుకోవాలి" అన్నాడు. మీరే అన్న మాటకు నేను ఉబ్బిపోయాను.

మర్నాడు పసుపురంగు హెల్మెట్లు కుప్పపోశారు. ఏ మహానుభావుడు పంపాడో కానీ, నెత్తి మీద తట్ట మోసే ఆడదానికి నున్నటి ప్లాస్టిక్ బోర్ల వేసి దాని మీద తట్ట పెట్టుకో అన్న బుద్ధికి ఏ చదువు చెప్పారో నాకు తెలియదు. పైనుంచి పడే ఇటుక నుంచి తల కాపాడాలి, నిజం. తల మీదనే బరువు పెట్టుకుని బతికేవాళ్లకు ఏం చేయాలో ఆ బోర్డు రాసినవాడు ఆలోచించలేదు. ఆ పొద్దున నేనూ ఆలోచించలేదు. చదివాను కదా, చాలనుకున్నాను.

"మేస్త్రీ, గిది నెత్తికా, ఇసుక కొలువనీకా?" అని ఒకామె. "మా కోళ్లకు నీళ్లు పెట్టనీకి మస్తుగుంటది" అని ఇంకొకామె. నవ్వుకుంటూనే అందరూ తగిలించుకున్నారు. చుట్టుజడలు కాస్త నొక్కుకుని ఎట్లానో పట్టాయి. పెద్దమ్మకు పట్టలేదు. ఆమె జడ లావు. హెల్మెట్ కుండ మీద మూకుడులా పైన ఊగుతోంది. గేటు దగ్గర కారు హారన్ వినిపించింది.

"పెద్దమ్మా, టోపీ సక్కగ పెట్టుకో."

"నా జెడ మీద గింతే కూసుంటది మేస్త్రీ."

"జెడ ఇప్పు మరి."

ఆమె నవ్వింది. "పొద్దుగాలనే ఎంటికలు ఇరబోసుకోనీకి ఈడ ఎవలన్న సచ్చిన్రా?"

"పెద్దోళ్లు వస్తున్నరు. నిమిషం పని. ఇప్పు."

"ఇంటికి పోయినంక ఇప్పుకుంట. ఈడ ఇప్ప."

చుట్టూ ఆడవాళ్లు కిసకిసలాడారు. నేను బోర్డు వైపు చెయ్యి చూపి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా గట్టిగా చదివాను.

"సదివినవు గద" అంది. "సదువుకున్నోనివి, నువ్వే రెండు పెట్టుకో."

ఆ మాటకు అందరూ పకపకా నవ్వారు. నా కణత దగ్గర ఆమె గుంజిన చోటు మళ్లీ చురుక్కుమన్నట్టయింది.

"ఇప్పుతవా, నన్ను ఇప్పమంటవా?" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. మిక్సరు ఇంకా మొదలుపెట్టలేదు. నా మాట నాకే వినిపించింది. వెనక్కి తీసుకుంటే సరిపోయేది. ఊరుకో పెద్దమ్మా, పక్కకు నిలబడు అంటే అయిపోయేది. నేను బోర్డు పక్కన బోర్డులాగే నిలబడ్డాను.

ఆమె హెల్మెట్ తీసి కింద పెట్టింది. చేతులు రెండూ తల మీదికి పోయాయి. పిన్నులు ఒక్కొక్కటే తీసి పళ్ల మధ్య పెట్టుకుంది. జడ సడలింది, జారింది, తల నుంచి ఊడి ఇసుకలో పడింది. అది సవరం. నల్లవి, ఎర్రబారినవి, అక్కడక్కడ నెరిసినవి, జట్టులో అందరి తలల వెంట్రుకలూ ఆ జడలో ఉన్నాయి. గిన్నెలకు పోయాయనుకున్న ఉండలన్నీ. సవరం కింద ఆమె సొంత జుట్టు చెవుల వెనక రెండు సన్న పాయలు. నడినెత్తి మీద అరచేయంత మేర గచ్చు చేసిన నేలలా నున్నగా మెరుస్తోంది.

తర్వాత తెలిసింది. చిన్నతనంలో శామీర్‌పేట పక్క ద్రాక్షతోటల్లో తడి బుట్టలు మోసిందట. అప్పుడు ఆమె జడ చుట్టేవాళ్లు ఎవరూ లేరట.

ఒకామె తన కొంగు తెచ్చి పెద్దమ్మ తల మీద కప్పబోయింది. ఆమె ఆ కొంగును పక్కకు తోసింది. వంగి హెల్మెట్ తీసుకుని పెట్టుకుంది. గడ్డం కింద పట్టీ బిగించింది. ఈసారి సరిగ్గా పట్టింది. నా వైపు చూడకుండా, ఆ కొంగు కప్పబోయినామెతో అంది: "అడుగవే మేస్త్రీని, ఇప్పుడు సక్కగున్నదా అని."

కారులో వచ్చిన పెద్దవాళ్లు మా వైపు రానే లేదు. ఆఫీసు గదిలో కొబ్బరినీళ్లు తాగి, లిఫ్టు గుంత చూసి పోయారు. వాళ్లు పోగానే అందరూ హెల్మెట్లు తీసి కుప్పలో పడేశారు, పెద్దమ్మ తప్ప. ఆమె సాయంత్రం దాకా దాని మీదే తట్ట పెట్టుకుని మోసింది. తట్ట జారినప్పుడల్లా మెడ గిరుక్కుమని తిరిగేది. అన్నం తినేటప్పుడు కూడా తీయలేదు. నేను ఆ రోజు ఏం పని చేశానో నాకు గుర్తు లేదు.

మర్నాటి నుంచి పాతచీర ముక్క తలకు చుట్టుకుని వచ్చింది. తట్ట బోర్లించి కూర్చోలేదు. ఇటుక ఖాళీ. "జెడ అల్లవా పెద్దమ్మా?" అని అడిగితే, "నా చేతులు నొస్తున్నయే" అనేది. వాళ్లే ఒకరికొకరు ఏదో చుట్టుకున్నారు. కొన్నాళ్లకు ఒకామె కణతల దగ్గర జుట్టు వెనక్కి పోయింది, ఇంకొకామెకు మాడు మీద సిమెంటు పుండ్లు. నాతో మాత్రం ఆమె మాట్లాడలేదు. పని మానలేదు, తిట్టలేదు. నేను ఎదురుగా రెండడుగుల్లో ఉన్నా మూడో మనిషితో చెప్పేది. "మేస్త్రీకి చెప్పవే, కంకర అయిపోయింది." "మేస్త్రీని అడుగవే, రేపు పని ఉన్నదా." తర్వాత పంపులు వచ్చాయి, కాంక్రీటు గొట్టంలో పైకి పోవడం మొదలైంది. తట్ట మోసేవాళ్లతో పని లేకపోయింది. జట్టు చెదిరిపోయింది.

నేను చెప్పకపోతే ఇంజనీరు చెప్పేవాడు అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కంపెనీని తిట్టాను, బోర్డును తిట్టాను. ఏ ఆడమనిషికి జరిగిన అన్యాయం పేపర్లో చదివినా ఇంట్లో గొంతు చించుకున్నాను. ఎంత గొంతు చించుకున్నా, ఆ మాట అన్న గొంతు అదే. ఆమె ఒక్కసారి నా ముఖం చూసి ఏదో ఒకటి అంటే చాలనుకున్నాను. తిట్టినా సరే, మూడో మనిషి లేకుండా.

అద్దాల దుకాణం నుంచి వచ్చాక నిలవలేకపోయాను. పాత జట్టులో ఒకామె మచ్చ బొల్లారంలో ఉంటుంది. ఆమెను అడిగితే చెప్పింది. పెద్దమ్మ శామీర్‌పేట చెరువు దగ్గర రోడ్డు పక్కన మక్కకంకులు కాలుస్తోందట. ఆదివారం మనుమరాలి బండి వెనక కూర్చుని పోయాను.

వరసగా బొగ్గుల కుంపట్లు, వరసగా కార్లు. తలకు పాతచీర ముక్క చుట్టుకుని ఉన్నామెను దూరం నుంచే పోల్చుకున్నాను. నన్ను కూడా ఆమె పోల్చుకుంది. విసనకర్ర ఒక్క క్షణం ఆగింది. తర్వాత నా మనుమరాలి తల వైపు తిరిగింది.

"ఎవలు అల్లిన్రు బిడ్డా?"

"పార్లర్‌ల అవ్వా."

"మంచిగనే అల్లిన్రు. కణతల కాడ వదులు పెట్టిన్రు, అది మంచిగైంది." తలమీద మునివేళ్లతో తడిమి చూసింది. "పడుకునేటప్పుడు మెత్తటి బట్ట కట్టుకో. ఎక్కువ దినాలు ఉంచకు, ఇప్పి మాడుకు గాలి తగలనియ్యి."

"అవ్వా, కణతల కాడ వదులు జేయమన్నది మా తాతనే."

పెద్దమ్మ కంకి తిప్పింది. "అట్లనా? మీ తాతకు చెప్పు బిడ్డా, జర పక్కకు జరుగుమని. పొగ కండ్లల్ల పడుతది."

మా పిల్ల నావైపు వింతగా చూసింది. నేను జరగలేదు. ఇంటి నుంచి ఎన్నో మాటలు పేర్చుకుని వచ్చాను. తలకు చుట్టుకున్న రుమాలు విప్పి చేత్తో పట్టుకున్నాను. మా వైపు తప్పు ఒప్పుకునే మగవాడు రుమాలు విప్పుతాడు. నా తల ఇప్పుడు నున్నగా ఉంటుంది. ఆమె గుంజిన వెంట్రుకలు ఎప్పుడో పోయాయి.

"పెద్దమ్మా, ఆ దినం నీ జెడ ఇప్పించిన. తప్పు జేసిన" అని తల వంచాను.

కంకుల కోసం నిలబడ్డవాళ్లు నా వైపు తిరిగారు. కారులోంచి ఎవరో అద్దం దించారు. ఎండ మాడు మీద నిప్పులా పడుతోంది. బొగ్గులు చిటపటలాడాయి. ఆమె చేతిలోని కంకికి నిమ్మకాయ, ఉప్పుకారం రాసి ఎవరికో ఇచ్చింది, చేతులు కొంగుకు తుడుచుకుంది. అప్పుడు తల ఎత్తి, నా ముఖంలోకి చూసి అంది:

"రుమాలు సుట్టుకో మేస్త్రీ. గిది నలుగురు తిరిగే జాగ."